మీ తాతయ్య చెప్పిన మూడు పేర్లు

మెల్‌బోర్న్, బుధవారం

సాకేత్,

ఫోన్‌లో అయితే మధ్యలో అడ్డుపడతావని ఉత్తరం రాస్తున్నాను. తెలుగు నేర్పింది నేనే కనుక చదవడం రాదనకు.

"తాతయ్య అంతా మిక్స్ చేసేస్తున్నారు అమ్మమ్మా, ఒక్క రష్యన్ బాస్కెట్‌బాల్ లీగ్‌కి మూడు పేర్లు చెబుతున్నారు" అన్నావు. తప్పు. సోవియట్ యూనియన్ విడిపోయాక సూపర్ లీగ్ వచ్చింది. 2010లో దాని పైన ప్రొఫెషనల్ లీగ్ అని కొత్తది పెట్టారు. మూడేళ్లకు అదీ పోయి, పెద్ద జట్లు ఒక బ్యాంకు పేరున్న లీగ్‌లో కలిశాయి. సూపర్ లీగ్ రెండో అంచెలోనే మిగిలింది. వైజాగ్ స్టీల్‌ప్లాంటులో రష్యన్ ఇంజనీర్లతో ఆడినప్పటి నుంచీ ఆయనకు ఈ పిచ్చి.

ఈ మతిమరుపు జబ్బులో పాత సంగతులే ఎక్కువ కాలం నిలుస్తాయని డాక్టరమ్మ చెప్పింది. ఆ లీగ్ కన్నా నేను పాతదాన్ని. 1986లో నన్ను పెళ్లాడారు. మంగళవారం కేర్‌హోమ్‌లో నర్సు నన్ను చూపించి ఎవరని అడిగితే, "మా ప్లాంటు ఇంటర్‌ప్రెటర్ మేడమ్. రష్యన్ బాగా చదువుతారు" అన్నారు. పెళ్లికి ముందు నా ఉద్యోగం అదే. ఆ తర్వాతి కాపురమంతా ఏమైందని నేను అడగలేదు.

ఇప్పుడు రోజూ పదింటికి, మేడమ్ ఇంకా రాలేదేమని నర్సును అడుగుతున్నారట. వెళ్లి, లీగ్ వార్తలు రష్యన్‌లో చదివి వినిపిస్తున్నాను.

వచ్చే శనివారం బ్లాక్‌టౌన్ నుంచి వచ్చినప్పుడు, ఆయన ముందు నన్ను అమ్మమ్మా అని పిలవకు. కంగారుపడతారు. ఆ వారం సూపర్ లీగ్ ఫలితాలు రష్యన్‌లోనే, పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసుకురా. అన్నీ ఒక్క కాగితం మీదే పట్టించు. పేజీ తిప్పేసరికి, చదువుతున్నది ఎవరో మరిచిపోతున్నారు.