క్రిస్మస్ పాకలో పచ్చిక

మేడ్చల్, డిసెంబర్ 22, 1998

ఏటా వరండాలో మట్టి బొమ్మలతో కట్టే క్రిస్మస్ పాకలో పరచాలని అవ్వ పళ్ళెంలో గోధుమలు చల్లి పెంచిన పచ్చిక ఇవాళ పోయింది. ఎండ తగలాలని అమ్మ ఆ పళ్ళేన్ని వాకిట్లో పెడితే, పక్కింటి యాదమ్మ గొర్రెపిల్ల వచ్చి మొదళ్ళదాకా మేసేసింది.

యాదమ్మ దాన్ని చెవి పట్టి లాక్కొచ్చి, "గిది మీ పండుగ ఖరాబు జేసింది, అవ్వా" అని ఏడ్చినంత పనిచేసింది. మోకాళ్ళ నొప్పులతోనే రోజూ నీళ్ళు చల్లిన అవ్వ ఏమంటుందోనని నేను భయపడ్డాను. అవ్వేమో పడీ పడీ నవ్వింది.

"మన పాకల మట్టి గొర్లు ఏనాడన్న ఒక్క పోస తిన్నయా? గియ్యాల నిజం గొర్రె తిన్నది. మంచిగనే అయింది, తియ్యి."

పండుగ పిండివంట గులాబీ పువ్వులు నూనెలో కాలుస్తూ పొయ్యి దగ్గర అమ్మ మాత్రం గొణుగుతూనే ఉంది. నాకూ బెంగే. మూడు రోజుల్లో మొలకలు ఎంత ఎత్తు వస్తాయి? చర్చి వాళ్ళు పాటలకు వచ్చేసరికి పాక బోడిగా ఉంటే...

షామీర్‌పేట చెరువు దగ్గర గడ్డి కోసుకొస్తానని నాయిన అంటే అవ్వ ఒప్పుకోలేదు. మళ్ళీ గోధుమలు నానబోసి, ఈసారి రెండు పళ్ళేలు కడిగి పెట్టింది.

"రెండోది ఎందుకవ్వా?" అన్నాను.

"గొర్రెపిల్లకు పండుగ ఉండదా, బిడ్డా?"