ఎత్తు కుర్చీ

మార్చి 3, సోమవారం

పొట్టిదాన్ని తీసేశారు. మా డెంటల్ ల్యాబ్‌లో మైనంతో పళ్ల అచ్చులు చెక్కేది అదే. నేను కూర్చుంటే ఎంతో, అది నిలబడితే అంత. పళ్లు అరగదీసిన పొడికి దగ్గొస్తోంది, మంచి మాస్కులు కొనండి అని సార్‌ని అందరి ముందూ అడిగింది. అంతే. సాయంత్రానికి పంపేశాడు. మీటింగ్ పెట్టినప్పుడల్లా మనమంతా ఒక ఫ్యామిలీ అనే మనిషి.

ఒళ్లు మండిపోతోంది.

మార్చి 4

లంచ్‌లో ముగ్గురం అనుకున్నాం. ప్లాస్టర్ కలిపే బాబాయ్, పాలిషింగ్ అక్క, నేను. దాన్ని వెనక్కి తీసుకోకపోతే శుక్రవారం అందరం కలిసి రిజైన్ చేస్తాం. ముందు నా కాగితమే పడుతుంది చూడండి అన్నాడు బాబాయ్. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పొట్టిదానికి ఫోన్ చేసి చెబితే ఏడ్చేసింది.

మార్చి 6

మా ఆయనకు చెప్పాను. వెళ్తే వెళ్లావు గానీ ముందు మాత్రం నిలబడకు అన్నారు. వాళ్ల సంగతి మీకు తెలీదు అన్నాను.

మార్చి 7, శుక్రవారం

నేనే ముందు వెళ్లాను. కాగితం సార్ బల్ల మీద పెట్టి, వెనకవాళ్లకు దారివ్వాలని పక్కకు జరిగాను. వెనక ఎవరూ లేరు.

బాబాయ్ ప్లాస్టర్ కలుపుతున్నాడు. ఇప్పుడు వదిలేస్తే గట్టిపడిపోతుందమ్మా అన్నాడు. అక్క మెషిన్ ఆన్ చేసుకుంది, నేను పిలిచినా వినపడకుండా.

మీలాంటివాళ్లు మళ్లీ దొరకరమ్మా అన్నాడు సార్. ఆ వెంటనే ఏప్రన్, తాళంచెవి అక్కడ పెట్టెయ్యమన్నాడు. నా పెళ్లికి ముందు నుంచీ ఆ ల్యాబ్‌లో పళ్లకు రంగు వేసింది నేను. ఆగమని మాటవరసకైనా అనలేదు.

అక్కడున్నంతసేపూ సిగ్గుతో చచ్చిపోయాను. కోపం బస్సెక్కాక వచ్చింది.

మార్చి 8

ఆయన నా లంచ్ బాక్స్ కడిగి పై అరలో పెట్టేశారు. అంతకన్నా తిట్టినా బాగుండేది.

మార్చి 11

పొట్టిది ఫోన్ ఎత్తడం లేదు. పిచ్చిపిల్ల, నా గురించి బాధపడుతోంది కాబోలు.

మార్చి 13

పాలిషింగ్ అక్క బస్టాపులో దొరికిపోయింది. తల దించుకునే చెప్పింది. నేను మానేశాక మొన్న సోమవారమే సార్ పొట్టిదాన్ని పిలిపించాడట. రంగులు వేసే సీటు ఖాళీ అయింది, జీతం పెంచుతాను, మాస్కుల ఊసు మాత్రం ఎత్తకు అన్నాడట. అది సరేనందట.

ఆలోచించుకుని చెబుతానని కూడా అనలేదట. నమ్మినందుకు నా చెప్పుతో నేనే కొట్టుకోవాలి.

మార్చి 17

పొట్టిదే ఫోన్ చేసింది. అక్కా, మీ కుర్చీ మరీ ఎత్తుగా ఉంది, నా కాళ్లు నేలకు ఆనడం లేదు, ఎలా దించాలి అని అడిగింది. మధ్యమధ్య దగ్గుతోంది.

నోటికొచ్చినట్టు తిడదామనుకున్నాను. కింద ఎడమ పక్కన మీట ఉంటుంది, కూర్చునే పైకి లాగు అని చెప్పాను.