జోరీగలు ముందే వచ్చిన వేసవి

మే 18

ఈ ఏడు మంచు తొందరగా కరిగింది. ఆవులతో కొండమీదికి మకాం మార్చాం. అత్తగారు వాగొడ్డు పచ్చిక నా తోడికోడలు అనార్‌కుల్‌కి ఇచ్చింది. నాకు గాలి కొట్టే రాళ్ళ గుట్ట. అదేమిటని అడిగితే, చిన్నపిల్ల, దూరం నుంచి నీళ్ళు మోయలేదు పాపం అంది. నేను మోయగలనట!

జూన్ 3

దాని ఆవులు నిగనిగలాడుతున్నాయి. ముఖ్యంగా ఆ ఎర్రావు. మా ఆయన బెక్తుర్ కిందికి వెళ్ళొచ్చి, మరదలింట మీగడ ఎంత చిక్కగా ఉందో చెప్పాడు. కాసేపాగి మళ్ళీ చెప్పాడు. నిన్నటి రొట్టె ముందు పడేశాను.

జూన్ 21

ఉక్క. ఈ ఎత్తులో ఉక్క ఏమిటో! వాన వెలిశాక వాగుపక్క బురదమీద జోరీగలు ముసిరాయి. ఇంత ముందుగా ఎప్పుడూ రావు. అనార్‌కుల్ ఆవులు తోకలు ఆడించలేక అలసిపోతున్నాయి. మా గుట్టమీద గాలికి ఒక్కటీ నిలవడం లేదు. పైనుంచి చూస్తూ కూర్చున్నాను. టీ చల్లారిపోయింది.

జూన్ 29

లంపీ రోగం వచ్చింది. ఎర్రావు ఒళ్ళంతా గడ్డలు. వినగానే నాకు సంతోషం వేసింది.

జూలై 2

నారిన్ పట్నం నుంచి పశువుల డాక్టరు సుయూన్ వచ్చాడు. అందరి ఆవులకూ వ్యాక్సిన్ వేశాడు. కుట్టే ఈగలే రోగాన్ని మోస్తాయట. వేడి ముందొస్తే అవీ ముందొస్తాయట, చలి ముదిరేదాకా వదలవట. గడ్డలు లేనివాటిని నీటికి దూరంగా, గాలి తగిలేచోట, వేరే మందలో కలపకుండా ఉంచమన్నాడు.

అందరూ మా గుట్ట వెనక వాలు వైపు చూశారు. అనార్‌కుల్ మాత్రం నేల చూసింది. "అది అక్కది" అంది, అంతే.

పాలు పొంగుతున్నాయని నేను గుడారంలోకి వెళ్ళిపోయాను. పొయ్యిమీద పాలు లేవు.

జూలై 4

అత్తగారు అనార్‌కుల్ దగ్గరే పడుకుంటోంది. బెక్తుర్ అక్కడే పిడకల పొగ వేస్తున్నాడు. నేను తిన్నానా అని అడిగినవాళ్ళు లేరు. కష్టం కూడా దానికే దక్కాలా?

జూలై 5

మరో రెండింటికి గడ్డలు. నేను ఆ రోజే ఊఁ అని ఉంటే వాటికి వచ్చేది కాదేమో.

గుర్రమెక్కి వాగు దగ్గరికి దిగాను.

"మిగిలినవాటిని పైకి తోలు" అన్నాను. తిట్టినట్టే వచ్చింది.

అనార్‌కుల్ కళ్ళు తుడుచుకుంది.

"అడగడానికి నోరు లేదటే మొద్దూ?"

"ఉందక్కా. నీ మొహం చూస్తే పడిపోయింది."

ఇద్దరం కలిసి తోలాం.

ఆగస్టు 11

ఎర్రావు పోయింది. గొయ్యి తవ్వించి పూడ్చాం. అనార్‌కుల్ నా భుజంమీద పడి ఏడ్చింది. ఆ ఆవును చూసే నేను ఎక్కువ కుళ్ళుకున్నాను. ఆ మాట దానికి చెప్పలేదు.

ఆగస్టు 30

వాలుమీదివి బాగానే ఉన్నాయి.

సెప్టెంబరు 9

గడ్డిమీద మంచు పేరింది. వాగు దగ్గర ఒక్క ఈగ లేదు.

సెప్టెంబరు 14

ఈ పూట అనార్‌కుల్ ఆవులు నావాటికంటే ఎక్కువ పాలిచ్చాయి. ఎప్పటిలాగే ఒళ్ళు మండిపోయింది. ఎంత హాయిగా ఉందో.