మోటారు వేసే మనిషి బొమ్మ

అబ్బాజాన్,

మీరు వెళ్లిపోయి నేటికి ఏడాది. మురుగునీటి శుద్ధి కేంద్రంలో పనిచేసినంత కాలం, ఎవరడిగినా "గవర్నమెంటు ఉద్యోగం" అని మాత్రమే చెప్పేవారు.

ఆ నీళ్లు ఎలా శుభ్రమవుతాయో జనానికి చెప్పే బొమ్మల సినిమాను ఈమధ్య నేనే కంప్యూటర్లో చేశాను.

"మురికిని తినే సూక్ష్మజీవుల్ని చూపిస్తే చాలమ్మా. పనివాడి బొమ్మ తీసెయ్యండి" అన్నారు, సినిమా చేయించిన ఇంజనీరు గారు.

"వాటికి గాలి అందించే మోటార్లు నడిపేది ఆయనేనండీ. ఆయన లేకుండా సినిమా ఇవ్వను" అన్నాను. చివరికి ఒప్పుకున్నారు.

నిన్న పటమటలో ఒక స్కూల్లో వేశారు. తెర మీద మీరు గళ్ల చొక్కాతో వచ్చి మోటారు వేశారు. నల్లటి నీళ్లు మెల్లగా తేటపడ్డాయి.

ఒకావిడ లేచి, "ఎవరమ్మా ఆ పెద్దాయన?" అని అడిగింది.

"మా నాన్నగారండీ. రిటైరయ్యేదాకా ఈ పనే చేశారు" అని హాలంతా వినేలా మైకులో చెప్పాను.

మీ షబానా