పెళ్లికొడుకు నాడా

డిసెంబరు 13, రెండో శనివారం

ఈరోజు మొదటి ఆశ్చర్యం: గోస్తనీ ఏట్లో నా గాలం ఒక్కసారి కూడా రాళ్లలో ఇరుక్కోలేదు. పోయిన ఆదివారం ఆరు సీసం గుండ్లు ఆ రాళ్లకే సమర్పించుకున్నాను. అందుకే నిన్న మా తాతయ్య, అదే దాదా, నడిపే దర్జీ కొట్లో ఒక పైజామాలోంచి నాడా లాగి నాలుగు ముక్కలు చేశాను. ఈ నైలాన్ నాడా లోపల బోలుగా ఉంటుంది. బోలు ఎంత మంచి మాటో, పలికితే లోపల గాలి ఆడినట్టుంటుంది. అందులో పాత సైకిల్ బేరింగు గోళీలు నింపి, రెండు కొసలూ కొవ్వొత్తి మీద కరిగించి మూసేసి, సీసం గుండు బదులు గాలానికి కట్టాను. ఎటు కావాలంటే అటు వంగే బరువు కాబట్టి రాళ్ల సందుల్లోంచి పాములా జారి వచ్చేస్తుంది.

"ఏటి బావా, గేలానికి పైజామా తొడిగినావా?" అని అప్పన్న నవ్వాడు. జాలరిపేటవాడు, నవ్వే హక్కుంది. మధ్యాహ్నానికి వాడే, "నాకూ ఒకటి సేసియ్యి" అన్నాడు.

సాయంత్రం కొట్లోకి వెళితే దాదా కళ్లజోడు నుదుటి మీదికి నెట్టాడు.

"సలీం బేటా, పెళ్లికొడుకు పైజామాకి నాడా ఎక్కించాను కదా, ఏమైంది? రేపు పదింటికి నిఖా. నాడా లేకుండా ఎంతసేపు నిలబడతాడు పాపం?"

అది నాలుగు ముక్కలై చేపల కంపు కొడుతోందని చెప్పడానికి నోరు రాలేదు. "నేను చూస్తాలే దాదా" అన్నాను. వెంటనే నమ్మేశాడు. అదే బాధగా ఉంది. నిజం నిఖా అయ్యాక చెప్తాను, లేదా బిర్యానీ అయ్యాక...

రేపు పొద్దున్నే లేచి నా కొత్త పైజామా నాడా లాగి, పిన్నీసుతో పెళ్లికొడుకుదానికి ఎక్కించాలి. ఆ నిఖాకి మేమూ వెళ్లాలి. నా పైజామాకి గాలం దారం కట్టుకుంటాను. పది కిలోల చేపనైనా ఆపుతుందనే కదా కొన్నాను.