పేలని కన్నం

రోలుగుంట క్వారీ షెడ్డు
1998 మే, గురువారం

ప్రియమైన అక్కకు, తమ్ముడు షాలేమ్‌రాజు వందనాలు.

నిన్న బండ పేల్చడానికి మందు కూరిన కన్నాల్లో ఒకటి పేలలేదు. మందు లోపలే ఉంది. సోమవారం దాని పక్కనే ఇంకో కన్నం కొట్టాలని ఓనరు ఆర్డరు. కన్నం కొట్టే మిషను సూది అటు ఒరిగి మందుకు తగిలిందా, కొట్టేవాడి ముక్క కూడా దొరకదు. అందరికీ తెలుసు. ఒక్కడూ నోరెత్తడు! మా మేస్త్రీ సూరన్న తల దించుకుని చుట్ట కాల్చుకుంటున్నాడు. ఒళ్లు మండింది.

"ముసిలోడివి, నీకింకా పేనం మీదింత తీపేటి?" అని అందరి ముందూ అరిచాను.

"అరవడం అయిపోయిందా? కూకో. నలుగురం మాటాడుకుందాం" అన్నాడు.

నేను కూర్చోలేదు. పిరికివాళ్లతో నాకేం మాటలు? రేపు ఒక్కణ్ణే వెళ్లి ఓనరును నిలదీస్తాను.

నీ రాజు


నర్సీపట్నం
శుక్రవారం

ప్రియమైన రాజుకు,

బియ్యం ఆటోవాడు నీ ఉత్తరం ఇచ్చినప్పటి నుంచి కుట్టిన జాకెట్టే విప్పి మళ్లీ కుడుతున్నాను. నీ కోపం న్యాయమే. కానీ నీ అరుపు విని ఇంతవరకు ఎవరైనా నీ వెనక నడిచారా? ముందు పనిచేసిన జీడిపిక్కల బట్టీలోనూ నువ్వే రైటు. బయటికి గెంటించుకున్నదీ నువ్వే. ఆ పెద్దాయన కూర్చోమంటే కూర్చోవడానికి నీకేం పోయింది? నువ్వొక్కడివే వెళితే నిన్ను పంపేసి ఇంకొకడి చేత ఆ కన్నం కొట్టిస్తారు. పోయేది ఎవరి బిడ్డయినా ప్రాణమే కదరా.

మీ అక్క ప్రేమావతి


క్వారీ
శనివారం

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం అందేసరికే వెళ్లొచ్చేశాను. ఓనరు నవ్వాడు. "నీకు బయమైతే మానీ. కొట్టేవోడు ఒప్పుకున్నాడు" అన్నాడు. ఎవడో చెప్పడు. అన్నం దగ్గర ఒక్కొక్కడి ముఖమే చూస్తున్నాను. మాతో పనిచేసే రమణబాబా? వాడికి నెల నిండని బిడ్డ ఉంది. అడుగుదామంటే నేను రాగానే అందరూ లేచి వెళ్లిపోతున్నారు. నాకు భయంగా ఉందక్కా. సూరన్న దగ్గరికి వెళతాను. ఏమనాలో రాసి పంపు.

రాజు


నర్సీపట్నం
ఆదివారం, గుడికి వెళ్లే ముందు

రాజూ,

"సూరన్నా, ఏటి సేద్దామంతావు?" అని అడుగు. అడిగాక నోరు మూసుకో. నీ కోసం ప్రార్థనలో చెబుతాను.

అక్క


క్వారీ
మంగళవారం

ప్రియమైన అక్కా,

ఆదివారం సాయంత్రం నువ్వు చెప్పినట్టే అడిగి కూర్చున్నాను. సూరన్న చుట్ట ఆర్పేశాడు. తరవాత అన్నాడు: "నానే కొడతానని ఓనరుకి ఆ రోజే సెప్పేసేను. మీరంతా పిల్లలు గలోళ్లు, కుర్రోళ్లు. నాకెవులున్నారు?"

ఆ రోజు నలుగురం మాట్లాడుకుందాం అన్నది, తన తరవాత మేస్త్రీ ఎవరో తేల్చడానికట.

అరవబోయి ఆపుకున్నాను. మెల్లగా చెప్పాను: "నువ్వు మిషను పడితే నీ పక్కన నాను నిలబడతాను." "ఓరి, నీకూ సావాలనుందేటి!" అని తిట్టాడు. మొండివాడు, నాకంటే మొండి. రమణబాబు వచ్చి "నానూ నిలబడతాను" అన్నాడు. రాళ్లు కొట్టే ఆడవాళ్లూ వచ్చి కూర్చున్నారు. చివరికి, ఎవరమూ ఆ కన్నం కొట్టకూడదన్న మాటకు ముసలాయన తల ఊపాడు. సోమవారం ఎవరమూ మిషను ముట్టలేదు. కన్నం చుట్టూ ముళ్లకంప వేశాం. వేరే మనుషుల్ని తెస్తానని ఓనరు వెళ్లాడు.

ఇప్పుడు కాపలా వంతు నాది. కృష్ణదేవిపేట రోడ్డులో దుమ్ము లేస్తోంది. వ్యాను. నిండా మనుషులే, నా వయసు కుర్రాళ్లు. మందు సంగతి వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు. సూరన్న లేవబోతే ఆపాను. నేను వెళ్లి వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడతాను.

అరవనులే అక్కా.

నీ రాజు