పన్నెండు నుంచి మూడు దాకా నీడ

2, సోమవారం. ఉదయం 6:10
ఇవాళ్టి నుంచి క్రమశిక్షణ! పెరట్లో పదహారు బ్లూబెర్రీ మొక్కలు, నిండా పచ్చికాయలు. నర్సరీ పెద్దాయన చెప్పింది చెప్పినట్టు రాసుకుంటున్నాను:
– నీడ వల ఒక్క పొరే.
– పన్నెండుకి కప్పాలి, మూడింటికి తీసెయ్యాలి.
– కాయ రంగు తిరగ్గానే వల పూర్తిగా తీసెయ్యాలి.
"నీడ ఎక్కువైతే కాయ ఊరుతుంది బాబూ, తీపి మాత్రం ఎక్కదు," అన్నాడు. ఆమాత్రం నాకు తెలియదా!
30న బేకరీ యజమానురాలు వచ్చి రుచి చూస్తుంది. తీపి కొలిచే పరికరంలో పన్నెండు చూపిస్తే ప్రతి వారం మా కాయలే కొంటుంది. అప్పుడు మా ఆవిడ లాండ్రీలో పని మానేయొచ్చు. పదకొండేళ్ళుగా ఇస్త్రీ బల్ల దగ్గర రోజంతా నిలబడే ఉంటోంది. సాయంత్రానికి మోకాళ్ళు వాచిపోతాయి.
"మీకు ఆరంభశూరత్వం ఎక్కువ. ఈసారైనా చివరిదాకా చెయ్యండి," అంది.
చేస్తాను! బస్సు నడిపినన్నాళ్ళూ ఒక్క నిమిషం ఆలస్యం చేయనివాణ్ణి. వల కప్పడం ఒక లెక్కా?

3, మంగళవారం
12:00 కప్పాను. 3:00 తీశాను. అద్భుతం!

5, గురువారం
12:00 కప్పాను. 3:25 తీశాను. కునుకు పట్టింది. ఇరవై అయిదు నిమిషాలకి కొంపలేం మునగవు.

8, ఆదివారం. మధ్యాహ్నం 2:00
ఎండ నిప్పులు చెరుగుతోంది. మూడో మొక్కకి ఆకు అంచు మాడింది. నాకే కళ్ళు తిరుగుతుంటే పాపం దాని గతేమిటి? రెండో పొర వేశాను. ఈ ఒక్క రోజుకే.

11, బుధవారం
రోజూ కప్పి తీస్తుంటే కాయలు రాలుతున్నాయి. ఇవాళ నాలుగు. (రెండు నా మోచెయ్యి తగిలి.) అంచేత రెండు పొరలూ అలాగే ఉంచెయ్యడం మొక్కకే మంచిది. నా నడుముకీ మంచిదే, అది వేరే విషయం.

15, ఆదివారం
కాయలు గోలీలంత అయ్యాయి! బావమరిది వచ్చి చూశాడు. "ఏంటి బావా, మొక్కలకి పందిరేశావా, చీకటిగది కట్టావా?" అన్నాడు. కుళ్ళు. కాయ సైజు చూసి కుళ్ళు.

19, గురువారం
ఈపాటికి నీలం తిరగాలి. తిరగలేదు. నర్సరీ పెద్దాయనకి ఫోన్ చేద్దామనుకున్నాను. చేస్తే "వల ఎన్ని పొరలు?" అని అడుగుతాడు. చేయలేదు.

23, సోమవారం
నీలం! నీలం! వల తీసెయ్యాలి. కానీ గోడ మీద పిట్టలు కాచుకుని కూర్చున్నాయి. రేపు తీస్తాను.

26, గురువారం. సాయంత్రం 5:00
తీపి కొలిచే పరికరం తెచ్చాను. ఒక కాయ పిండాను: 7. పరికరం తప్పు. ఇంకో కాయ: 7. ఇంకోటి: ఏడున్నర. ఇరవై మూడు కాయలు పిండాను. పరికరం కూడా తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటోంది.
7:15
మా ఆవిడ నవ్వుకుంటూ వచ్చింది. ఒకటో తేదీ నుంచి రానని లాండ్రీలో చెప్పేసిందట! "తీపి ఎంత వచ్చిందండీ?" అని అడిగింది. "బాగానే ఉంది," అన్నాను.

27, శుక్రవారం. ఉదయం 6:00
రెండు పొరలూ పీకి పారేశాను. ఎక్కాలి తీపి, ఎక్కాలి!
11:00. మబ్బు.

28, శనివారం
మబ్బు.

30, సోమవారం
బేకరీ యజమానురాలు వచ్చింది. "అబ్బ, ఎంత నిగనిగలాడుతున్నాయో!" అంటూ ఒకటి నోట్లో వేసుకుంది. ఒక కన్ను మూసుకుపోయింది. పరికరం 8 చూపించింది.
"కోయకండి. పది రోజులు బాగా ఎండ తగలనివ్వండి. మళ్ళీ వస్తాను. అప్పుడూ ఇంతే అయితే వేరేచోట చూసుకుంటానండీ," అంది.
ఆవిడ వెళ్ళాక మా ఆవిడ అడిగింది. "వల ఎన్ని పొరలు వేశారు?"
"రెండు."
"ఎన్నాళ్ళు?"
"పదహారు రోజులు. రాత్రీ పగలూ."
చెప్పులేసుకుని లాండ్రీకి వెళ్ళి, ఇంకో నెల చేస్తానని యజమానిని బతిమాలుకుని వచ్చింది. నేను తల ఎత్తుకోలేకపోయాను.

1, మంగళవారం. ఉదయం 8:00
మళ్ళీ మొదటి రోజు! ఈ పది రోజులూ ఏ కాయ మీదా నీడ పడనివ్వను. మా ఆవిడ వల మడిచి సంచిలో కుక్కుకుని పనికి పట్టుకుపోయింది. నన్ను నమ్మి దాన్ని ఇంట్లో వదల్లేదు.
మధ్యాహ్నం 12:40
ఎండ మండిపోతోంది. గొడుగు తెచ్చాను. వల కాదు కదా! మూడో మొక్క మీద పట్టాను, ఒక్క నిమిషం.
12:41
మడిచేశాను.
సాయంత్రం 4:30
కుర్చీ వేసుకోబోయాను. ఈ వేళకి మా ఆవిడ ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడే ఉంటుంది. కూర్చోలేకపోయాను. చేతులు వెనక్కి కట్టుకుని ఎండలో నిలబడ్డాను. కాసేపటికి చూస్తే నా నీడే మొక్క మీద పడుతోంది.
పక్కకి జరిగాను.